‘వయా’ రాసే యంత్రం

మా నాన్న రైల్వేలో బుకింగ్ క్లర్కు. చిన్నప్పుడు మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని స్టేషన్‌కి వెళితే కౌంటర్ వెనక అరల్లో దొంతర్లుగా పేర్చిన అట్టముక్క టికెట్లు, పక్కన తేదీ గుద్దే ఇనప మిషను కనిపించేవి. టికెట్టు కొస అందులో దూర్చి లాగితే టక్కుమనేది. ఆ చప్పుడు కోసమే, క్యారేజీ నేను తీసుకెళతానంటే నేనని చెల్లెలూ నేనూ పోట్లాడుకునేవాళ్లం.

టికెట్టు మీద రెండు ఊళ్ల పేర్లు, తరగతి, ఛార్జీ ఉండేవి. కొన్నిటి మీద ఇంకో మాట ఉండేది: వయా. గుంటూరు నుంచి సికింద్రాబాద్‌కి రెండు దార్లు. నడికుడి, నల్గొండ మీదుగా ఒకటి. విజయవాడ, కాజీపేట మీదుగా ఇంకొకటి. రెండోది చుట్టుదారి. కిలోమీటర్లు ఎక్కువ కాబట్టి ఛార్జీ కూడా ఎక్కువే. ఎక్కిన ఊరూ దిగిన ఊరూ చెబితే లెక్క సగమే తేలుతుందనీ, ఏ దారిన పోయాడో చెబితేనే మిగతా సగం తేలుతుందనీ నాన్న అనేవాడు. ఆ రెండక్షరాల మాట విలువ నాకు అప్పుడు తెలియలేదు. తెలియడానికి లండన్ దాకా వెళ్లాల్సి వచ్చింది.

పోయిన వేసవిలో చెల్లెలి ఇంట్లో నెలా పది రోజులు ఉన్నాను. వాళ్లది వాల్తమ్‌స్టో. నేను చూడాలనుకున్నది క్యూ గార్డెన్స్ అనే తోట. వాస్తు భాషలో చెప్పాలంటే ఈశాన్యం మూల నుంచి నైరుతి మూలకి ప్రయాణం. బయల్దేరబోతుంటే చెల్లెలు ఆపింది.

“అన్నయ్యా, హైబరీలో బండి మారతావు కదా. అక్కడ గులాబీ రంగు మిషను ఒకటి ఉంటుంది. దానికి కార్డు తాకించు. గేటు కాదది, ఊరికే స్తంభానికి ఉంటుంది. చూసుకోకుండా వెళ్లిపోకు.”

“తాకించకపోతే ఆపుతారా?”

“ఎవరూ ఆపరు. డబ్బులు ఎక్కువ పోతాయంతే.”

ఎవరూ ఆపని చోట డబ్బులు ఎందుకు ఎక్కువ పోతాయి? రైలు ఎక్కి కూర్చున్నాక ఇదే ఆలోచన. ముందు ఊరి సంగతి చెప్పాలి. లండన్‌ని రైలు ఛార్జీల కోసం గుండ్రటి వలయాలుగా కోశారు. నడి ఊరు మొదటి జోన్. దాని చుట్టూ రెండోది, దాని చుట్టూ మూడోది, అలా. వాల్తమ్‌స్టో సెంట్రల్ మూడో జోన్‌లో ఉంది. క్యూ గార్డెన్స్ మూడు, నాలుగు జోన్ల సరిహద్దు మీద ఉంది. ఈ రెంటి మధ్య వెళ్లడానికి దార్లు ఒకటికి రెండు. విక్టోరియా లైన్ ఎక్కి ఊరి నడిబొడ్డున విక్టోరియా స్టేషన్ దాకా వెళ్లి, అక్కడ డిస్ట్రిక్ట్ లైన్‌కి మారి పడమటికి పోవచ్చు. లేదా అదే విక్టోరియా లైన్ మీద ముందే, రెండో జోన్‌లోని హైబరీ అండ్ ఇజ్లింగ్టన్‌లో దిగి, ఊరి నడుముని చుట్టి వచ్చే ఓవర్‌గ్రౌండ్ రైలెక్కి క్యూలో దిగొచ్చు. హైబరీ తర్వాతి స్టేషనే కింగ్స్ క్రాస్, అది మొదటి జోన్. అక్కడికి ఒక్క స్టేషన్ ముందు దిగినవాడు తక్కువ ఛార్జీకి అర్హుడు. దిగకుండా ముందుకు పోయినవాడు ఎక్కువ ఇవ్వాలి.

చిక్కు ఇక్కడే. ఇద్దరూ వాల్తమ్‌స్టోలో ఒకే గేటు దగ్గర కార్డు తాకించారు. క్యూ గార్డెన్స్‌లో ఒకే గేటు దగ్గర తాకించి బయటపడ్డారు. మధ్యలో ఎవరు ఎటు పోయారన్నది గేటుకు ఎలా తెలుస్తుంది? అట్టముక్క టికెట్టయితే ముందే ‘వయా’ అచ్చేసి ఉంటుంది. ఈ ప్లాస్టిక్ ముక్క మీద ఊరి పేరే లేదు, ఇక దారి పేరు ఎక్కడ రాస్తారు?

హైబరీలో రాస్తారు. ఆ స్టేషన్‌లో విక్టోరియా లైన్ భూమి లోపల ఉంటుంది, ఓవర్‌గ్రౌండ్ పైన ఉంటుంది. మధ్యలో బయటికి పోయే గేటు దాటాల్సిన పనిలేదు. ఓవర్‌గ్రౌండ్ ప్లాట్‌ఫాంల దారిలో ఒక స్తంభానికి నా ఛాతీ కంటే కాస్త కింద గుండ్రటి బిళ్ల. లండన్‌లో కార్డు తాకించే బిళ్లలన్నీ పసుపుపచ్చ. ఇది మాత్రం గులాబీ. మన పెళ్లి పందిట్లో పెద్దవాళ్లు ‘రాణీ రంగు’ అంటారే, ఆ గులాబీ. తలుపు లేదు, అడ్డకడ్డీ లేదు. కార్డు తాకిస్తే చిన్నగా కూత పెట్టి ఊరుకుంటుంది. డబ్బులు కోయదు. వచ్చావన్న మాట ఒక్కటి రాసుకుంటుంది: ఈ కార్డు, ఈ స్టేషన్, ఈ నిమిషం. రోజంతా అది చేసే పని అంతే. క్యూలో గేటు దాటేటప్పుడు ఆ ఒక్క మాట సాక్ష్యం చెబుతుంది: ఇతను నడి ఊరు తొక్కలేదు, చుట్టు తిరిగి వచ్చాడు. మన దగ్గర చుట్టుదారికి ఎక్కువ పుచ్చుకుంటే వాళ్ల దగ్గర చుట్టుదారికి తక్కువ పుచ్చుకుంటారు. నాన్న వింటే ముందు నమ్మేవాడు కాదు, తర్వాత కారణం అడిగేవాడు.

కారణం రద్దీ. పొద్దున ఆఫీసు వేళ నడి ఊరి సొరంగాల్లో మనిషి మీద మనిషి నిలబడతారు. ఊరికి అటు చివర నుంచి ఇటు చివరకి పోయేవాడు కూడా ఆ ఇరుకులోనే దూరితే ఎలా? అలాంటివాడిని ఊరి అంచున తిరిగే లైన్ మీదికి మళ్లించడం అందరికీ మంచిది, అందుకే తక్కువ ఛార్జీ అనే ఎర. నేనెక్కిన ఆ ఉత్తరపు లైన్ 1963లో బ్రిటన్ రైల్వేల ఖర్చు తగ్గించే నివేదికలో మూసేయాల్సిన వాటి జాబితాకి ఎక్కింది. జనం పట్టుబట్టి నిలబెట్టుకున్నారు. 2007లో ట్రాన్స్‌పోర్ట్ ఫర్ లండన్ సంస్థ దాన్ని చేతిలోకి తీసుకుని ఓవర్‌గ్రౌండ్ అని పేరు పెట్టింది; 2012 చివరికి మిగతా ముక్కలు కూడా కలిసి ఊరి చుట్టూ వలయం పూర్తయింది. గులాబీ బిళ్లలు 2009లో వచ్చాయి. 2010 జనవరిలో లండన్ లోపలి మామూలు రైళ్లలో కూడా ఆయిస్టర్ అనే ఈ ప్రయాణ కార్డు చెల్లుబాటైంది. దారులు పెరిగే కొద్దీ ‘వయా’ అవసరం పెరిగింది. గాస్పెల్ ఓక్, స్ట్రాట్‌ఫర్డ్, కెనడా వాటర్, విల్స్‌డెన్ జంక్షన్, బ్లాక్‌హార్స్ రోడ్, రిచ్‌మండ్: ఈ బిళ్లలున్న చోట్ల మ్యాప్ మీద చుక్కలు పెట్టి చూస్తే నడి ఊరి చుట్టూ కావలి కాస్తున్నట్టే ఉంటుంది.

ఇప్పుడు కార్డు లోపలికి వెళదాం. నీలం ఆయిస్టర్ కార్డు 2003లో వచ్చింది. అంతకు ఆరేళ్ల ముందు 1997లో హాంకాంగ్ తన కార్డుకి ఆక్టోపస్ అని పేరు పెట్టుకుంటే లండన్ ముత్యపుచిప్ప పేరు పెట్టుకుంది. ఈ కార్డులకీ సముద్రానికీ ఏమిటో చుట్టరికం. కార్డులో బ్యాటరీ లేదు. రెండు ప్లాస్టిక్ పొరల మధ్య వెంట్రుక లాంటి రాగితీగ కొన్ని చుట్లు తిరిగి, ఒక మూల గోరంత చిప్‌కి తగిలించి ఉంటుంది. స్టేషన్‌లో బిళ్ల కింద కూడా ఒక తీగచుట్ట ఉంది. అందులో సెకనుకి కోటీ ముప్పై అయిదు లక్షల పైచిలుకు సార్లు అటూ ఇటూ ఊగే కరెంటు ప్రవహిస్తుంటుంది, లెక్కగా 13.56 మెగాహెర్ట్జ్. కార్డు ఆ దగ్గరికి రాగానే దాని తీగలోనూ కరెంటు పుడుతుంది. ఆ కాస్త కరెంటుతోనే చిప్ మేలుకుని, తానెవరో చెప్పి, అవతలి యంత్రం నిజమైనదో కాదో పరీక్షించి, అడిగింది ఇచ్చి, చెప్పింది రాసుకుని, కార్డు దూరం జరగగానే మళ్లీ నిద్రపోతుంది. ఎదురింటి పొయ్యి సెగతో తన అన్నం వండుకునే ఇల్లాలి పొదుపు ఇది. అన్నం ఉడికే టైము కూడా తక్కువే: మనిషి చెయ్యి చాచి వెనక్కి లాక్కునే లోపల అంతా అయిపోవాలి.

ఆయిస్టర్‌లో నాకు నచ్చిన పనితనం ఏమిటంటే దాని లెక్కల పుస్తకం దాని దగ్గరే ఉంటుంది. ఎక్కేచోట యంత్రం స్టేషన్ పేరూ టైమూ కార్డులోనే రాస్తుంది. గులాబీ బిళ్ల తన మాట కార్డులోనే చేరుస్తుంది. దిగేచోట గేటు వాటిని చదివి, తన దగ్గరున్న ఛార్జీల పట్టిక చూసి, డబ్బు తేల్చి, మిగిలిన సొమ్ము తిరిగి కార్డులో రాస్తుంది. ఎక్కడో ఉన్న పెద్ద కంప్యూటర్‌ని అప్పటికప్పుడు అడగాల్సిన పనిలేదు. పల్లెటూళ్లలో పాలు పోయించుకునేవాళ్లకి ఒక చిన్న పుస్తకం ఇచ్చేవాళ్లు. పాలాయన వచ్చినప్పుడల్లా అందులోనే రాసి వెళ్లేవాడు, లెక్క మన ఇంట్లోనే ఉండేది. అచ్చం అలాంటిదే.

బ్యాంకు కార్డుతో కథ మారింది. 2012 డిసెంబర్‌లో బస్సుల్లో, 2014 సెప్టెంబర్‌లో రైళ్లలో మామూలు బ్యాంకు కార్డు తాకించి ప్రయాణించే వీలొచ్చింది. ఈ పనిని ముందుండి నడిపించినవాళ్లలో శశి వర్మ అని ట్రాన్స్‌పోర్ట్ ఫర్ లండన్ ఉన్నతోద్యోగి ఒకరు. చిక్కు ఏమిటంటే బ్యాంకు ఇచ్చిన కార్డు మీద రైలు సంస్థ ఏమీ రాయలేదు. పాలపుస్తకం పోయింది. అలాగని ప్రతి గేటూ ప్రతి మనిషికీ బ్యాంకుని అడుగుతూ కూర్చుంటే అర సెకనులో తేలాల్సిన పనికి వరస వీధి దాకా పాకుతుంది. అందుకని గేటు పనిని సగానికి తగ్గించేశారు. కార్డు నిజమైనదేనా, రానివ్వకూడని కార్డుల జాబితాలో ఉందా, ఈ రెండే చూసి తలుపు తెరుస్తుంది. తాకిన సంగతి పైకి పంపుతుంది. ఛార్జీ అంటే ఏమిటో ఆ గేటుకి తెలియదు. రాత్రి ఊరు పడుకున్నాక లెక్క మొదలవుతుంది. పొద్దుటి నుంచి ఒక కార్డు ఎక్కడెక్కడ తాకిందో టైము వరసన పేర్చి, ఏ తాకిడికి ఏ తాకిడి జతో కలిపి, మధ్యలో గులాబీ సాక్ష్యం ఉంటే దాన్ని కలుపుకుని, ప్రయాణాలు అల్లుతారు. రోజుకి ఇంతకు మించి తీసుకోకూడదన్న హద్దు ఉంది, సోమవారం నుంచి ఆదివారం దాకా వారం హద్దు కూడా ఉంది. అవి దాటితే దాటినంత వదిలేస్తారు. పగలు అమ్మకం, రాత్రి లెక్క. మన కిరాణా కొట్టు శెట్టిగారి పద్ధతే కదా అనిపించింది.

నిజానికి ఈ రాత్రి లెక్కకి లండన్‌లో ముత్తాత ఒకడున్నాడు. బ్రిటన్ రైళ్లు మొదట ఒకరివి కావు. ఎవరి లైన్ వాళ్లది, ఎవరి కంపెనీ వాళ్లది. ఒక కంపెనీ దగ్గర టికెట్టు కొన్న మనిషి మూడు కంపెనీల పట్టాల మీద వెళితే ఆ డబ్బు ముగ్గురూ ఎలా పంచుకోవాలి? దీనికోసం 1842లో యూస్టన్ స్టేషన్ దగ్గర రైల్వే క్లియరింగ్ హౌస్ అని ఒక కార్యాలయం పెట్టారు. గుమస్తాలు వరసలుగా కూర్చుని ఎవరి పట్టాల మీద ఎన్ని మైళ్లో చూసి సొమ్ము పంచేవాళ్లు. సరుకు బళ్ల సంగతి తేల్చడానికి ఇంకో ఏర్పాటుంది: రెండు కంపెనీల లైన్లు కలిసే జంక్షన్లలో నంబర్ టేకర్లని నిలబెట్టారు. ఎండయినా వానయినా వాళ్ల పని ఒక్కటే. దాటే ప్రతి వ్యాగన్ నంబరూ పుస్తకంలో రాసుకోవడం. బండిని ఆపేవాళ్లు కారు, డబ్బు అడిగేవాళ్లు కారు. ఈ బండి ఇటుగా పోయింది అని రాసేవాళ్లు, అంతే. ఈ సంగతి తెలిశాక హైబరీలో ఆ గులాబీ బిళ్లని చూసే చూపు మారిపోయింది. పుస్తకం, పెన్సిలు పట్టుకుని జంక్షన్‌లో నిలబడ్డ ఆ మనిషే నాకు అక్కడ కనిపిస్తున్నాడు.

ఇంకో రకం మార్పిడి ఉంది, గులాబీ బిళ్ల కంటే నాకు అదే ఎక్కువ ముచ్చటేసింది. మా చెల్లెలి ఊళ్లోనే రెండు స్టేషన్లు: వాల్తమ్‌స్టో సెంట్రల్, వాల్తమ్‌స్టో క్వీన్స్ రోడ్. వేరువేరు లైన్లు, మధ్యలో కొన్ని నిమిషాల నడక. ఒక స్టేషన్‌లో గేటు దాటి బయటికొచ్చి, నడిచి, ఇంకో స్టేషన్‌లో లోపలికి వెళ్లాలి. కార్డు లెక్కన ఒక ప్రయాణం అయిపోయింది, ఇంకోటి మొదలైంది. రెండు టికెట్ల డబ్బు పోవాలి. పోదు. ఈ రెండు స్టేషన్లూ జత అని యంత్రానికి ముందే చెప్పి పెట్టారు. ఇంత టైములోగా అక్కడ దిగి ఇక్కడ ఎక్కితే అది ఒకే ప్రయాణం. ఫారెస్ట్ గేట్, వాన్‌స్టెడ్ పార్క్ ఒక జత. యూస్టన్, యూస్టన్ స్క్వేర్ ఒక జత. హామర్‌స్మిత్‌లో అదే పేరున్న రెండు స్టేషన్లు ఒక జత. వెస్ట్ హాంప్‌స్టెడ్‌లో మూడు స్టేషన్లు ఒకదానికొకటి జత. గడువు అన్నిటికీ ఒకటే కాదు, జతను బట్టి మారుతుంది. మధ్యలో ఎంత నడవాలి, ప్లాట్‌ఫాం వెతుక్కోవడానికి ఎంతసేపు పడుతుంది అని ఎవరో కూర్చుని ఒక్కో జతకీ ఆలోచించారన్నమాట. కుంటుతూ నడిచే ముసలివాళ్లని, పిల్లల బండి తోసుకుంటూ వచ్చే తల్లిని మనసులో పెట్టుకుంటే తప్ప ఆ నిమిషాలు తేలవు.

మగ్గం పని చూసినవాళ్లకి ఇది తెలిసిన విద్యే. మగ్గం మీద పడుగు అయిపోవస్తున్నప్పుడు పాత పోగుల కొసలకి కొత్త పడుగు పోగులు ఒక్కొక్కటే కలిపి మెలేస్తారు. వందలకు వందల పోగులు, ఒక్కటి తప్పితే నేతలో గీత పడుతుంది. అతికింది ఎక్కడో కట్టుకునేవాళ్లకి తెలియకూడదు. వాల్తమ్‌స్టో సెంట్రల్ మీదుగా పోయే ఓవర్‌గ్రౌండ్ లైన్‌కి 2024లో పెట్టిన పేరు ‘వీవర్’, అంటే నేతగాడు. తూర్పు లండన్‌లో ఒకప్పుడు బతికిన నేత పనివాళ్ల గౌరవార్థం. పేరు పెట్టినవాళ్లకి ఈ టికెట్ అతుకులు గుర్తున్నాయో లేదో గానీ, నాకు మాత్రం సరిగ్గా కుదిరిందనిపించింది.

ఈ అతుకుకి ఒక వంకర కూడా ఉంది. అతకకూడనిది కూడా ఒక్కోసారి అతుకుతుంది. ఒక స్టేషన్‌లో దిగి, పక్కనే చిన్న పని చూసుకుని, గడువు లోపల జత స్టేషన్‌లోకి వెళితే మీ మనసులో అవి రెండు ప్రయాణాలు. యంత్రం మనసులో ఒకటే. ఒక ప్రయాణం ఇంతసేపు మించకూడదన్న హద్దు వేరే ఉంది. అలా సాగదీసిన ప్రయాణం ఆ హద్దు దాటితే, ఎక్కడ ఎక్కాడో తెలియని ప్రయాణం ఒకటీ ఎక్కడ దిగాడో తెలియని ప్రయాణం ఒకటీగా విరిగి, రెంటికీ పెద్ద ఛార్జీ పడుతుంది. అడిగితే సరిచేస్తారు, కానీ అడగాలని తెలియాలి.

టోక్యో ఇదే సమస్యని వేరేలా పరిష్కరించింది. అక్కడ జేఆర్ కంపెనీ రైళ్లకీ భూగర్భ రైళ్లకీ మధ్య చాలా స్టేషన్లలో మారేవాళ్ల కోసమే ప్రత్యేకంగా గేట్లుంటాయి. ఒక కంపెనీ ఇల్లు దాటి ఇంకో కంపెనీ ఇంట్లోకి అడుగుపెట్టినట్టు ఆ గేటు దాటాలి. దాటినప్పుడు దారి దానంతటదే నమోదవుతుంది. మర్చిపోయే వీలు లేదు. 2001 నవంబర్‌లో వచ్చిన వాళ్ల సుయికా కార్డు గురించి ఒక్క ముచ్చట చెప్పకుండా ఉండలేను. గేటు మీద కార్డు తాకించే పలక చదునుగా ఉండదు, ప్రయాణికుడి వైపు 13.5 డిగ్రీలు వాలి ఉంటుంది. షుంజి యమనాక అనే డిజైనర్ స్టేషన్‌లో జనాన్ని నిలబెట్టి పరీక్షించి తేల్చిన వాలు అది. కార్డు ఎక్కడ పెట్టాలో, ఎంతసేపు పెట్టాలో తెలియక జనం గాల్లో ఊపేవాళ్లు, నిలబెట్టి చూపించేవాళ్లు. పలక కాస్త తమ వైపు వాలేసరికి చెప్పకుండానే చెయ్యి అక్కడికి పోయింది. పనితనం అన్న మాటకి నేనిచ్చే ఉదాహరణల్లో ఆ పదమూడున్నర డిగ్రీలది మొదటి స్థానం. లండన్ గులాబీ బిళ్లకి ఈ విషయంలో తక్కువ మార్కులే వేస్తాను.

ఎందుకంటే ఆ బిళ్ల దగ్గర ఆగాలని మనిషికి ముందే తెలిసి ఉండాలి. మా చెల్లెలు చెప్పకపోతే నేను దాని పక్కనుంచి నడిచి వెళ్లిపోయేవాణ్ణి. ఎదురుగా రైలు నిలబడి ఉంటే, తలుపులు మూసుకోబోతుంటే, స్తంభానికున్న గుండ్రటి రంగుని ఎవడు పట్టించుకుంటాడు? తక్కువ ఛార్జీకి అర్హుడివని నిరూపించుకునే భారం ప్రయాణికుడి మీద పెట్టారు. ఊళ్లో పాతవాళ్లకి లాభం, కొత్తవాళ్లకి నష్టం. ఇంత తెలివైన ఏర్పాటులో ఇది తెలివితక్కువ మూల.

మిగతా లోపాలు బయటపడి, కొన్ని సర్దుకున్నాయి కూడా. 2008లో నెదర్లాండ్స్‌లోని రాడ్‌బౌడ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అప్పటి ఆయిస్టర్‌లో వాడిన చిప్ రహస్య సంకేతాన్ని ఛేదించారు. చిప్ తయారీ కంపెనీ ఆ పరిశోధన అచ్చు కాకుండా ఆపాలని కోర్టుకెళ్లి ఓడిపోయింది. తర్వాత లండన్ గట్టి చిప్‌కి మారింది. మిగిలిన చిక్కు పర్సులో ఉంది. పర్సు మొత్తం బిళ్లకి ఆనిస్తే లోపలున్న రెండు కార్డులూ ఒకేసారి మేలుకుంటాయి. ఎక్కేటప్పుడు ఒకటి, దిగేటప్పుడు ఇంకొకటి పలికితే రెండూ సగం ప్రయాణాలే. ఫోనులో ఎక్కించుకున్న కార్డూ పర్సులో ఉన్న కార్డూ ఒకే ఖాతావే అయినా యంత్రం కంటికి వేరువేరు మనుషులు. ఎక్కేటప్పుడు ఫోను, మారేటప్పుడు కార్డు చూపిస్తే గులాబీ సాక్ష్యం వేరే మనిషి పేరున పడుతుంది.

హైదరాబాద్ గురించి ఆలోచించకుండా ఉండలేకపోయాను. 2017 నవంబర్‌లో మెట్రో మొదలైనప్పటి నుంచి అమీర్‌పేటలో ఎర్ర లైన్, నీలి లైన్ మారేవాళ్లు కార్డు ముట్టుకోనక్కర్లేదు. మెట్లెక్కితే చాలు. అమీర్‌పేట, పరేడ్ గ్రౌండ్, ఎంజీబీఎస్: మూడు లైన్లు కలిసే ఈ మూడు చోట్లూ ఒక త్రికోణం, కాబట్టి అమీర్‌పేట నుంచి ఎంజీబీఎస్‌కి రెండు వైపుల నుంచీ వెళ్లొచ్చు. అయినా ‘వయా’ అడిగే పనిలేదు, ఎటు వెళ్లినా సొమ్ము ఒకే పెట్టెలో పడుతుంది. అసలు పరీక్ష బేగంపేట దగ్గర మొదలవుతుంది. అక్కడ మెట్రో స్టేషన్ ఒకటి, 2003 నుంచి నడుస్తున్న ఎంఎంటీఎస్ లోకల్ రైళ్ల స్టేషన్ ఒకటి. రెండూ నడక దూరంలోనే, టికెట్లు మాత్రం దేనికదే. 2019 మార్చిలో దేశమంతటికీ ఒకే రవాణా కార్డు పథకం ప్రారంభమైంది. కార్డు ఎన్ని చోట్ల చెల్లినా, మెట్రో దిగి ఎంఎంటీఎస్ ఎక్కినవాడిది ఒకే ప్రయాణమని రెండు పెట్టెల వాళ్లు ఒప్పుకుని సొమ్ము పంచుకోకపోతే అది ఒక కార్డుతో కొన్న రెండు టికెట్లే. యంత్రం కొనడం తేలిక. 1842లో యూస్టన్ గుమస్తాలు చేసిన పని కష్టం.

క్యూ నుంచి తిరిగొచ్చేటప్పుడు మళ్లీ హైబరీలో ఆగాను. జనం పోటెత్తి వస్తున్నారు. నేను చూస్తున్నంతసేపట్లో ఆ గులాబీ బిళ్లకి చెయ్యి చాచినవాళ్లు కొద్దిమందే. చాచినవాళ్లు మాత్రం ఆగలేదు, తలతిప్పి చూడలేదు. నడుస్తూనే, ఫోనులో మాట్లాడుతూనే, గుడి ముందు నుంచి పోతూ చెంపలేసుకున్నంత అలవాటుగా తాకించి వెళ్లిపోయారు. టక్కుమనే చప్పుడు లేదు గానీ, నాన్న చూస్తే ఆ పని ఏమిటో ఇట్టే పోల్చుకునేవాడు.

పిల్లల దగ్గరికి లండన్ వెళ్లే పెద్దవాళ్లకి చివరగా మూడు మాటలు. ఎక్కేటప్పుడు, మారేటప్పుడు, దిగేటప్పుడు ఒకే కార్డు వాడండి, పర్సులోంచి తీసి మరీ వాడండి. మన బ్యాంకు కార్డులు అక్కడ చాలావరకు పనిచేస్తాయి, కానీ విదేశీ లావాదేవీకి మీ బ్యాంకు ఎంత పట్టుకుంటుందో వెళ్లకముందే కనుక్కోండి. నడి ఊరు తగలకుండా బండి మారుతుంటే గులాబీ రంగు బిళ్ల కోసం స్తంభాల వైపు ఒకసారి చూడండి. తాకించినందుకు అది డబ్బులేమీ కోయదు.